గగనమార్గము – మంచుబాట
1948లో లడక్ దారి తెరచిన కథ, అందు మన బెంగుళూరు భాగము

కొండ యనిన తెలుగువానికి భయము, భక్తి రెండును ఒక్కసారి కలుగును. తిరుమల, శ్రీశైలము, అహోబిలము, సింహాచలము మొదలగు మన ప్రధాన క్షేత్రములు కొండలమీదనే వెలసినవి. దేవుని చూడవలెనన్న ముందుగా దారిని జయింపవలెను. అందుచేతనే మన పూర్వులు గుడి కట్టించిన పుణ్యమునకును, కొండకు మెట్లు కట్టించిన పుణ్యమునకును భేదము చూడలేదు. 14వ శతాబ్దమున రెడ్డి రాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును సోపానములు కట్టించి, ఆ కార్యమును తన కీర్తిగా శాసనములయందు చెప్పించుకొనెను. 1830 మే 18వ తేదీన మద్రాసు విడిచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ పరివారముతో నల్లమల దాటి శ్రీశైలము చేరిన తీరు వారి యాత్రాచరిత్రలో ఉన్నది. అడవిలో నీరు దొరకు తావు, బోయీలకు ఊపిరి తీరు తావు వారు జాగ్రత్తగా వ్రాసి ఉంచిరి. తమ వెనుక వచ్చువానికి దారి తెలియవలెనన్నదే వారి తపన.

దారి వేసినవాడును, దారిని వ్రాసినవాడును ఇద్దరును మనకు పూజ్యులే. అయితే ఒక సంగతి మాత్రము మనలను బాధించును. మెట్లు కట్టించిన రాజు పేరు మిగిలినది గాని రాళ్లు మోసిన కూలివాని పేరు మిగులలేదు. ఈ వ్యాసమున మేము చెప్పబూనిన కథ కూడ అట్టిదే. అది నల్లమలకు చాల దూరమున, హిమాలయములకు ఆవలనున్న లడక్ సీమలో 1948వ సంవత్సరమున జరిగినది. దానితో మన బళేపేటకు ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. ఆ సంబంధమును చూపుటయే మా ఉద్దేశము.

రెండు బెంగుళూరులు

బళేపేట యన్న మాటకు తెలుగున గాజులపేట యని అర్థము. కెంపేగౌడ ప్రభువు 16వ శతాబ్దమున కట్టించిన పేటలో ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వీధి ఏర్పడెను. అక్కిపేటలో బియ్యము, అరళెపేటలో దూది, కుంబారపేటలో కుండలు, బళేపేటలో గాజులు. తరువాతి కాలమున పట్టుచీరల అంగళ్లును, వీణలు, మృదంగములు, హార్మోనియములు చేసి అమ్ము దుకాణములును ఇచట వెలసినవి. ఇంటిలో తెలుగు, అంగడిలో కన్నడము మాటలాడుచు తరతరములుగ ఇచట నిలిచిన కుటుంబములు మనవి.

ఈ పేటకు తూర్పున కొన్ని మైళ్ల దూరములో ఇంకొక బెంగుళూరు పుట్టినది. 1809లో ఆంగ్లేయులు హలసూరు దగ్గర దండును నెలకొల్పిరి. పేటయు, దండును ఒకదాని నొకటి చూచుచునే వేరు వేరు ఊళ్లుగ పెరిగినవి. 1949లో రెంటి పురపాలనమును కలిపి ఒకే కార్పొరేషను చేసిన పిమ్మట గాని అవి ఒక ఊరు కాలేదు. ఆ దండులో 19వ శతాబ్దము నుండి మద్రాసు సాపర్ల దళము స్థిరముగ నెలకొన్నది. హైదరాలీతో యుద్ధము జరుగుచుండగా 1780లో మద్రాసు ప్రభుత్వము పయొనీర్లను చేర్చుకొనెను. ఆ పయొనీర్లే ఈ దళమునకు మూలపురుషులు. తుపాకి కంటె ముందు గునపము పట్టువాడు సాపరు. సేన నడచుటకు బాట వేయుట, వాగుమీద వంతెన కట్టుట, శత్రువు పాతిన మందుపాతరలను పెరికివేయుట అతని పని. ముళ్లకంచెలను పేల్చి దారి చేయు ‘బెంగుళూరు టార్పెడో’ అను పొడవైన గొట్టపు మందుగుండును 1912లో ఈ దళమునకు చెందిన మెక్లింటాక్ అను అధికారియే ఇచట రూపొందించెను.

మద్రాసు సాపర్లు అను పేరు విని వీరందరును తమిళులేయని అనుకొనుట పొరపాటు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు కోస్తా జిల్లాలును, దత్తమండలములును మద్రాసు రాజధానిలోనివే. కావున తమిళులతోపాటు తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు ఈ దళమున చేరుచుండిరి. సైన్యములో వీరందరికిని కలిపి ‘తంబి’ యని ముద్దుపేరు. తెలుగు పిల్లవాడును అచట తంబియే. ఆ పేరు వెనుక అతని ఊరు, భాష దాగిపోయినవి.

మన ఊరికి విమానముతో గల సంబంధమును కూడ ఇచటనే చెప్పవలెను. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు సంస్థానము తోడ్పాటుతో హిందూస్థాన్ విమాన కర్మాగారమును ఇచట స్థాపించిరి. రెండవ ప్రపంచ యుద్ధములో అది అమెరికా వారి విమానములను మరమ్మతు చేయు పెద్ద కేంద్రమైనది. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిపోయిన డకోటా విమానములను బాగుచేసి తిరిగి ఎగురునట్లు చేయుట ఆ కర్మాగారపు ముఖ్య వ్యాపకము లయ్యెను. గునపము పట్టిన తంబియు, రెండు యంత్రముల డకోటాయు మన ఊరివారికి నిత్యమును కనబడుచుండినవే. 1948లో ఒకదాని వెంట నొకటి లడక్ దారి పట్టినవి కూడ ఇవియే.

దారి మూసుకొనిన సీమ

లడక్ రాజధాని లేహ్ సముద్రమట్టమునకు సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. తిరుమల కొండ ఎత్తు మూడువేల అడుగులకు లోపేయని తలచుకొన్న ఈ అంకె భారము తెలియును. శ్రీనగరము నుండి లేహ్‌కు పోవలెనన్న మొదట జోజిలా కనుమ దాటవలెను. ఆ కనుమ ఎత్తును సుమారు 11,500 అడుగులే. చలికాలమున మంచుతో మూసుకొనిపోవును. ఆ కాలమున దానిమీద కంచరగాడిదలు నడచు బాట తప్ప వేరు దారి లేకుండెను.

1947 అక్టోబరులో కాశ్మీరముపై దాడి మొదలైన పిమ్మట ఉత్తరమునుండి వచ్చిన దళములు స్కర్దూ కోటను చుట్టుముట్టినవి. లేహ్ నగరమున రక్షణకు నిలిచినవారు పిడికెడు మంది. 1948 ఫిబ్రవరిలో మేజర్ పృథీచంద్ సుమారు 40 మంది డోగ్రా దళపు వాలంటీర్లతో నడి చలికాలములో జోజిలా దాటి, నడిచి నడిచి మార్చిలో లేహ్ చేరెను. వీరిలో పెక్కురు లాహుల్ సీమవారగుటచే మంచు వారికి క్రొత్త కాదు. వారితో వచ్చినవారిలో లడక్ వాడే యగు ఇంజనీరు సోనం నోర్బూ ఒకడు. అతనికి అప్పగించిన పని ఒక్కటే: లేహ్ దగ్గర విమానము దిగుటకు నేల సిద్ధము చేయుట.

యంత్రములు లేవు. రోడ్డు రోలరు లేదు. ఊరి స్త్రీపురుషులు తట్టలతో రాళ్లు ఏరివేసి, గుంటలు పూడ్చి, సింధునదీ తీరమున స్పితుక్ దగ్గర నేలను చదును చేసిరి. కొద్ది వారములలో పని ముగిసెను. అయితే అంత ఎత్తున, అన్ని పర్వతముల నడుమ విమానము దిగగలదా యను ప్రశ్నకు ఎవరును సమాధానము చెప్పలేకుండిరి.

ఇంతలో మే నెల వచ్చెను. కార్గిల్ శత్రువుల వశమయ్యెను. జోజిలా మీదుగా లేహ్‌కు గల బాట తెగిపోయెను. స్కర్దూ కోటలో కర్నల్ షేర్ జంగ్ థాపా తన కొద్దిపాటి సేనతో ఆకలికి ఓర్చుకొని పోరాడుచుండెను. లేహ్‌కును అదే గతి పట్టునేమోయని భయము కలిగెను. ఇక మిగిలినది ఆకాశమార్గ మొక్కటే.

మే 24వ తేదీ

1948 మే 24వ తేదీన శ్రీనగరము నుండి ఒక డకోటా లేచెను. నడుపువాడు ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్. ప్రక్కన కూర్చున్నవాడు ఆ ప్రాంతపు సేనాధిపతి మేజర్ జనరల్ తిమ్మయ్య. ఈయన కొడగు నాటివాడు. బాల్యమున మన బెంగుళూరు బిషప్ కాటన్ పాఠశాలలో చదివినవాడు. విమానము దిగగలదని తెలియనిదే సైనికులను పంపుట తగదని తలచి ఇద్దరు పెద్దలును తామే ముందు బయలుదేరిరి. ఇది ఈ కథలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము.

ఆ ప్రయాణములోని అపాయమును కొంత వివరింపవలెను. నేటి విమానములలో గాలిని లోపల అదిమిపెట్టి ఉంచుదురు గనుక ఎంత ఎత్తునకు పోయినను మనకు ఊపిరాడును. డకోటాలో ఆ ఏర్పాటు లేదు. పదివేల అడుగులు దాటిన పిమ్మట తల తిరుగుట, వ్రేళ్లు మొద్దుబారుట మొదలగును. ఇరువదివేల అడుగులపైన ప్రాణవాయువు లేక ఎక్కువసేపు స్మృతి నిలుచుట కష్టము. లేహ్ దారిలో శిఖరములను దాటుటకు విమానము 23,000 అడుగుల వరకు లేవవలసి వచ్చెను. ఆ రకపు విమానమునకు అది ఇంచుమించు తుది ఎత్తు. రెంటిలో ఒక యంత్రము ఆగినను ఆ ఎత్తున నిలుచుట అసాధ్యము. రెక్కలకు మంచు పట్టకుండ చేయు సాధనము లేదు. ఆ దారికి నమ్మదగిన పటము లేదు. మబ్బు కమ్మిన యెడల ఏది లోయయో, ఏది కొండయో తెలియదు. లోయలో తిరిగి వెనుకకు మరలుటకు చోటుండదు. మధ్యాహ్నమైన పిమ్మట లోయలలో బలమైన గాలులు లేచును గనుక ప్రొద్దుననే పోయి ప్రొద్దుననే తిరిగి రావలెను.

దిగుటలో ఇంకొక చిక్కు గలదు. ఎత్తైన తావున గాలి పలుచన. పలుచని గాలిలో విమానము నిలువవలెనన్న ఎక్కువ వేగమున దిగవలెను. ఆగుటకు ఎక్కువ నేల కావలెను. అచట నున్నదో, చేతులతో చదును చేసిన ఇసుక నేల. మెహర్ సింగ్ ఆ నేలమీదనే క్షేమముగ విమానమును దించెను. చక్రముల బండినైనను చూడని ఊరిలో ఆకాశమునుండి చక్రములమీద దిగినది మొదట విమానమే. ఆ వింత గుఱ్ఱమునకు మేత వేయుటకు ఊరివారు గడ్డి తెచ్చిరని ఇప్పటికిని లడక్‌లో చెప్పుకొందురు. కథ ఎంతవరకు నిజమైనను, ఆ గడ్డిమోపులో ఉన్న ఆతిథ్యము నిజమనియే మా నమ్మకము.

దారి ఉన్నదని రుజువైనది. కొద్ది దినములలోనే గూర్ఖా సైనికులు విమానములలో లేహ్ చేరసాగిరి. నగరము నిలిచినది. మెహర్ సింగ్‌కు మహావీరచక్రము లభించెను. అయితే ఆకాశము అతనిని ఎక్కువకాలము బ్రతుకనీయలేదు. 1952 మార్చిలో తుపానులో చిక్కి అతడు నడుపుచున్న విమానము కూలిపోయెను.

గునపముతో వేసిన దారి

విమానము ప్రాణము నిలుపగలదు గాని సీమను నిలుపలేదు. డకోటా ఒక్కమారు మోయు బరువు మూడు టన్నులకు మించదు. మబ్బు పట్టిన దినమున అదియును లేదు. ఆకాశమునుండి జారవిడిచిన ఆహారముతో స్కర్దూను నిలుపలేకపోయిరి. ఆరు నెలలు పోరాడిన ఆ కోట ఆగస్టు 14వ తేదీన లొంగిపోయెను. లేహ్‌కు చలికాలము రాకముందే నేలమీద దారి తెరవకున్న ఫలితమేమగునో అందరకును తెలిసినది.

సెప్టెంబరులో జోజిలా మీద జరిగిన దాడులు విఫలమైనవి. కనుమకు ఇరుప్రక్కల గుహలలో దాగిన శత్రువు తుపాకులకు కాలిబంటు ఎదురు నిలువలేకపోయెను. అపుడు తిమ్మయ్య చేసిన ఆలోచన వినినవారికి పిచ్చిగా తోచియుండును. ఆ కనుమమీదికి టాంకులను ఎక్కింపవలెనని ఆయన నిశ్చయించెను. అంతవరకు లోకములో ఎచటను అంత ఎత్తున టాంకులు యుద్ధము చేసి యుండలేదు.

ఈ పనికి పూనుకొన్నవి 7వ లైట్ కేవల్రీ దళపు స్టూవర్ట్ టాంకులు. వింత యేమన, ఈ దళము కూడ 1784లో మద్రాసు సేనలోనే పుట్టినది. ఒక్కొక్క టాంకు 14, 15 టన్నుల బరువు. జమ్మూ ప్రాంతమునుండి శ్రీనగరము వరకు దారిలోని వంతెనలు ఆ బరువును మోయవు. పైభాగమున నుండు తుపాకి గోపురములను విప్పి, బరువు తగ్గించి, కప్పి, ఇవి టాంకులని ఎవరికిని తెలియకుండ నడిపించిరి. కనుమ అడుగుననున్న బాల్తాల్ వరకు వచ్చిరి. అచటనుండి పైకి ఉన్నది కంచరగాడిద బాట.

ఆ బాటను టాంకు బాటగ మార్చినవారు మద్రాసు సాపర్లు. మేజర్ తంగరాజు నాయకత్వమున వారి కంపెనీలు అంతకుముందే అచట పనికి దిగినవి. ఒక ప్రక్క నిలువు కొండ, ఇంకొక ప్రక్క అగాధము. బాల్తాల్ నుండి కనుమకు ఎత్తు తేడా రెండువేల అడుగుల పైమాటే. రాతిని పేల్చి వెడల్పు చేయవలెను. మెలికల దగ్గర టాంకు తిరుగుటకు చోటు చేయవలెను. లోయప్రక్క రాళ్లు పేర్చి గట్టు కట్టవలెను. పగలు శత్రువు తుపాకి గురిలో నున్న చోట రాత్రి పనిచేయవలెను. ఎండకు పుట్టి ఎండకు పెరిగిన దక్షిణదేశపు బిడ్డలకు గడ్డకట్టిన గునపమును పట్టుకొనుటయే ఒక పరీక్ష. పలుచని గాలిలో పది దెబ్బలు వేయగానే ఊపిరి నిలువదు. మంచు కురిసి, ముందటిదినము చేసిన పని మరునాటికి కనబడకపోవుటయు కలదు. తిరిగి మొదలు.

1948 నవంబరు 1వ తేదీన కర్నల్ రాజీందర్ సింగ్ ముందు టాంకులో నుండి దాడి నడిపెను. జోజిలా మీద యంత్రముల మ్రోత వినబడగానే శత్రువులు దిగ్భ్రమ చెందిరి. గుహల నోళ్లకు ఎదురుగ నిలిచి టాంకులు పేల్చుచుండగా వారు స్థావరములు విడిచి తొలగిరి. కనుమ తెరచుకొన్నది. నవంబరు నడుమ ద్రాస్, నెల ముగియులోపల కార్గిల్ చేతికి వచ్చినవి. లేహ్ దిక్కునుండి వచ్చిన సైనికులును, శ్రీనగరము దిక్కునుండి వచ్చిన సైనికులును కలిసికొనిరి. 1949 జనవరి 1వ తేదీన యుద్ధవిరామము వచ్చుసరికి లేహ్ దారి మన చేతిలో ఉన్నది.

పేరులేని చేతులు

ఈ విజయమును వ్రాసినవారు తిమ్మయ్యను పొగడిరి, మెహర్ సింగ్‌ను పొగడిరి, టాంకుల దళమును పొగడిరి. వారందరును పొగడ్తకు తగినవారే. మన ఊరిలో ఒక పెద్ద రాజమార్గమునకు జనరల్ తిమ్మయ్య పేరు పెట్టిరి. అది న్యాయమే. మేము చెప్పునది వేరు. మెహర్ సింగ్ ధైర్యమునకు ఆధారము లడక్ కూలివారు ఏరివేసిన రాళ్లు. టాంకు ధైర్యమునకు ఆధారము తంబి పేర్చిన రాళ్లు. వీరులు పోవుటకు దారి ఉండవలెను. ఆ దారిని వేసినవాడు వారికంటె ముందు అదే అపాయములో నిలిచినవాడు.

ఆ తంబీలలో మన తెలుగువారెందరో, ఏ ఊరివారో మన భాషలో వ్రాసి ఉంచినవారు అరుదు. దీనికి కారణము పరుల అన్యాయమని మేము తలపము. తెలుగువాడు ఎచటికి పోయినను అచటి పేరుతో కలిసిపోవుట అలవాటు. సైన్యములో తంబి అయినాడు, ఉత్తరాదిలో మద్రాసీ అయినాడు, బెంగుళూరులో బెంగుళూరువాడైనాడు. కలిసిపోవుట గొప్పగుణమే. పాలలో చక్కెరవలె కలియుట మన పెద్దలు నేర్పిన నీతి. అయితే చక్కెర వేసినట్లు ఇంటిలోనైనను ఎవరికో జ్ఞాపకముండవలెను గదా.

దారి కథ అచటితో ముగియలేదు. 1960లో సరిహద్దు రోడ్ల సంస్థ ఏర్పడి ఆ బాటలను రాజమార్గములుగ మార్చెను. ఐనను జోజిలా ప్రతి చలికాలమున మూసుకొనుచునే వచ్చినది. దానికి అడుగున సొరంగము త్రవ్వు పని 2020 అక్టోబరులో మొదలయ్యెను. ఆ పనిని గుత్తకు తీసికొన్నది హైదరాబాదు నగరమునకు చెందిన మేఘా ఇంజనీరింగు సంస్థ. 1948లో పేరులేక గునపము పట్టిన తెలుగుచేయి ఇపుడు పేరుతో కొండను తొలుచుటకు దిగినది. అదే 2020 జూన్ 15వ తేదీన గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ప్రాణము లర్పించెను. అతనికి మరణానంతరము మహావీరచక్రము నిచ్చిరి. లడక్ తెలుగువారికి దూరదేశము కాదనుటకు ఇంకేమి నిదర్శనము కావలెను?

నేడు బళేపేట నుండి బయలుదేరిన కుటుంబము ఉదయము విమానమెక్కి, ఢిల్లీలో మారి, లేహ్‌లో దిగవచ్చును. కిటికీలోనుండి శిఖరములు దగ్గరగ కనబడినపుడు పిల్లలు కేరింతలు కొట్టుదురు, పెద్దలు వేంకటేశ్వరుని తలచుకొందురు. దిగిన పిమ్మట ఒకటి రెండు దినములు విశ్రాంతి తీసికొననిదే ఎక్కువ నడువవద్దని వైద్యులు చెప్పుదురు. ఆ గాలిలో తంబి గునపము పట్టినాడని అపుడు తలచుకొన్నచో ఈ చరిత్ర పుస్తకములోనుండి మన ఊపిరిలోనికి వచ్చును.

కావున మన సంఘ కుటుంబములకు మా విన్నప మిది. మీ ఇండ్లలో పాత పెట్టెలున్నవి. అందు తాతగారి పతకమో, సైన్యమునుండి వచ్చిన కార్డుముక్కయో, విమాన కర్మాగారములో పనిచేసిన పెదనాన్నగారి ఛాయాచిత్రమో ఉండవచ్చును. వాటిని పారవేయకుడు. వెనుక ప్రక్క పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి ఉంచుడు. జ్ఞాపకమున్న పెద్దలు ఇంకను మన నడుమ నుండగనే అడిగి తెలిసికొనుడు. వీరాస్వామయ్యగారు నీటి మడుగులను, మజిలీలను వ్రాసి ఉంచుటచేతనే నూటతొంబది యేండ్ల తరువాతను మనము ఆయనతో నల్లమల నెక్కగలుగుచున్నాము. రాళ్లు పేర్చినవారి ఋణము మరి రాళ్లు పేర్చి తీర్చలేము. వారి పేర్లు పేర్చి తీర్చుకొందము.